హైదరాబాదు పాతబస్తీ వారసత్వ నడక

పాత ఊరిని, ఆ ఊరి సంగతులు తెలిసిన గైడు వెంట, ముందే అనుకున్న దారిలో కాలినడకన చూడటాన్ని వారసత్వ నడక అంటారు. వాడుకలో ‘హెరిటేజ్ వాక్’ అన్న మాటే ఎక్కువ. తెలుగునాట ఈ నడకకు అన్నిటికన్నా తగిన చోటు హైదరాబాదు పాతబస్తీ. మూసీకి దక్షిణాన, నయాపూల్ నుంచి చౌమహల్లా ప్యాలెస్ దాకా, రెండు మూడు కిలోమీటర్ల లోపు దారిలోనే కుతుబ్‌షాహీల కట్టడాలు, అసఫ్‌జాహీ నిజాముల మహళ్లు, 1908 వరద తర్వాత వెలిసిన రాతి బజారు, నేటికీ చేతిపని మీద బతికే గల్లీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. కట్టడాలను విడివిడిగా ఎవరైనా చూడవచ్చు. ఒకదానికీ మరొకదానికీ ఉన్న సంబంధం మాత్రం నడిస్తేనే తెలుస్తుంది, అదీ చెప్పేవాళ్లు పక్కన ఉంటేనే.

నగరం పుట్టిన తీరు

గోల్కొండ కోటలో జనం పెరిగి, చోటు చాలక, నీటికి ఇబ్బంది పడుతున్న రోజుల్లో, ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో మూసీ మీద వంతెన కట్టించాడు. అదే నేటి పురానాపూల్. నది దాటే దారి ఏర్పడ్డాక, ఆయన కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో దక్షిణపు ఒడ్డున కొత్త నగరానికి పునాది వేశాడు. అది హిజ్రీ శకంలో వెయ్యో ఏడు. నగర నిర్మాణానికి రూపకల్పన చేసినవాడు పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ. ఇరాన్ నుంచి వచ్చిన పండితుడాయన.

ఆ రూపకల్పనకు ఆధారం ఒక వర్తకపు దారి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వజ్రాలు, అద్దకం బట్టలు వెళ్లే తూర్పు పడమరల బాట అది. దానికి అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా మరో దారి వేసి, రెండూ కలిసే చోట చార్మినార్ నిలిపారు. నాలుగు దారులు నాలుగు దిక్కులకూ పోతే, ఊరు నాలుగు భాగాలైంది. చార్మినార్ కింద నిలబడి నాలుగు కమానుల్లోంచి చూస్తే ఈ పథకం ఈనాటికీ కళ్లకు కడుతుంది. కారులో చుట్టూ తిరిగితే ఇది అర్థం కాదు. మోటారు బండి లేని కాలంలో మనిషి నడకను, ఏనుగు నడకను, పల్లకీ మోసేవాళ్ల నడకను లెక్కలోకి తీసుకుని వేసిన నగరం కనుక దాని కొలతలు కాళ్లకే తెలుస్తాయి.

గైడుతో నడిచే అలవాటు

దారి చూపేవారి వెంట పాత నగరాలు తిరగడం కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దిలో ఐరోపా సంపన్న యువకులు ఇటలీ వెళ్లినప్పుడు శిథిలాలు చూపించి వివరించేవాళ్లు అక్కడ ఉండేవారు. మన దగ్గర కాశీ, పూరీ వంటి క్షేత్రాల్లో పండాలు అదే పని మరో రూపంలో చేశారు. తెలుగులో ఊళ్లను కళ్లతో చదివి రాసిన తొలి పెద్ద ప్రయత్నం ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఆయన హైదరాబాదు మీదుగానే వెళ్లాడు, నగరాన్ని వర్ణించాడు.

పౌరుల కోసం, ఒక పద్ధతి ప్రకారం, రోజూ జరిగే నడకకు భారతదేశంలో దారి చూపింది అహ్మదాబాద్. అక్కడి నగరపాలక సంస్థ 1997 నవంబరు 19న కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలై జామా మసీదు దగ్గర ముగిసే నడకను ప్రారంభించింది. పోళ్లు అనే పాత ఇళ్ల వాడల మీదుగా ఆ దారి సాగుతుంది. 2017లో అహ్మదాబాద్ యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందింది. దేశంలో ఆ గౌరవం దక్కిన మొదటి నగరం అదే. తమ వాడల్లో చూడదగింది ఉందని అక్కడి జనానికి తెలియడంలో ఇరవై ఏళ్లపాటు సాగిన నడకకు వాటా ఉందని నా నమ్మకం. హైదరాబాదులో పర్యాటక శాఖ, ఇన్‌టాక్ వంటి సంస్థలు, చరిత్ర మీద ఇష్టంతో ముందుకొచ్చిన స్థానికులు నడకలు నడుపుతున్నారు. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం, నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవం వచ్చినప్పుడు ఇవి ఎక్కువగా జరుగుతాయి.

దారి

చాలా నడకలు చార్మినార్ దగ్గర మొదలవుతాయి. నది దగ్గర మొదలుపెట్టి దక్షిణానికి నడిస్తే కథ బాగా తెలుస్తుంది. నయాపూల్ మీద నిలబడితే మూసీకి ఒక ఒడ్డున హైకోర్టు, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి కనిపిస్తాయి. రెండింటికీ రూపకర్త విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి. హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైంది.

ఈ రెండు భవనాల వెనుక ఒక విషాదం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచన మేరకు వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మరుసటి ఏడు నగరాభివృద్ధి మండలిని ఏర్పాటు చేశాడు. మదీనా కూడలి నుంచి చార్మినార్ వైపు పోతుంటే రెండు పక్కలా వరుసగా కనిపించే పత్థర్‌గట్టీ రాతి కమానుల బజారు ఆ మండలి వేసిందే. పాతబస్తీలో ‘పాత’ అనుకుని చూసే చాలా భాగం నిజానికి ఇరవయ్యో శతాబ్దిదని చాలామందికి తెలియదు.

మదీనా దగ్గర ప్రధాన రోడ్డు వదిలి పక్కకు మళ్లితే బాద్షాహీ ఆషూర్ఖానా. పర్యాటకుల్లో చాలామంది దీన్ని చూడకుండానే వెళ్లిపోతారు. మొహర్రం నెలలో కర్బలా అమరుల జ్ఞాపకంగా ఆలములు (ధ్వజాలు) నిలిపే శోకమందిరం ఇది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1594లో మొదలుపెట్టించాడు. గోడల మీది రంగు పలకల పని 1611లో ముగిసింది. పసుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగుల పలకలను ముక్కలుగా కోసి, ఒకదాని పక్కన ఒకటి పొదిగి, ఆలముల ఆకారాలు తీర్చారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ రంగులు వెలిసిపోలేదు. మొఘలులు గోల్కొండను గెలిచాక ఇక్కడ ఆచారాలు ఆగిపోయాయి, దీన్ని బండ్లు నిలిపే కొట్టంగా వాడారంటారు. రెండో నిజాం కాలంలో మళ్లీ దీపం వెలిగింది. ముందున్న కొయ్య స్తంభాల మంటపాలు ఆ కాలానివే. 1908 వరద నీళ్లు లోపలికొచ్చి గోడల కింది భాగంలో పలకలు పాడయ్యాయి. పైభాగం పలకలనూ కింది భాగాన్నీ పోల్చి చూస్తే వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడే చెబుతుంది.

ఇక్కడ తెలుగు పాఠకులకు దగ్గరి సంగతి ఒకటుంది. మన పల్లెల్లో పీర్ల పండగ నాడు హిందువులూ ముస్లింలూ కలిసి నిలబెట్టే పీర్లకూ, పీర్లచావిడికీ పెద్ద దిక్కు ఈ ఆషూర్ఖానా సంప్రదాయమే. కుతుబ్‌షాహీల ఆదరణలో పెరిగిన ఆ ఆచారం ఊరూరా పాకి, తెలుగు రైతు ఇంటి మొక్కుగా మారింది. చిన్నప్పుడు ఊళ్లో పీర్ల గుండం చుట్టూ ఆడిన మనిషి ఈ మందిరంలోకి వస్తే గైడు చెప్పకుండానే సగం అర్థమవుతుంది.

పత్థర్‌గట్టీ దాటాక మచ్లీ కమాన్. 1592 ప్రాంతంలో కట్టిన నాలుగు పెద్ద కమానుల్లో ఇది ఉత్తరం వైపుది. తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కీ కమాన్. నాలుగింటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. ఇది రాజప్రాసాదాల ముందున్న చౌకు. పడమటి కమాను లోంచి కుతుబ్‌షాహీ మహళ్లలోకి దారి ఉండేది, తూర్పు కమాను మీద నగారా మోగేది. ఆ మహళ్లు ఇప్పుడు లేవు. ద్వారం ఉంది, లోపలి ఇల్లు లేదు. ఇప్పుడు గుల్జార్ హౌజ్ చుట్టూ నగల దుకాణాలు, ట్రాఫిక్. మామూలుగా పోయేవాళ్లకు ఇది ఒక చౌరస్తా మాత్రమే. గైడు ఇక్కడ పది నిమిషాలు ఆగి పోయిన మహళ్లను మాటలతో నిలబెట్టగలిగితే ఆ నడక మంచి నడక.

చార్మినార్ ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు. కట్టడానికి నల్లరాయి, డంగుసున్నం వాడారు, పైన నగిషీలన్నీ గారపనితో తీర్చారు. లోపలి నుంచి పైకి 149 మెట్లు తిరుగుతూ పోతాయి. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉందని చాలామంది గమనించరు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. పక్కనే గల్లీలో 1597 నాటి జామా మసీదు ఉంది. కొత్త నగరపు తొలి మసీదుల్లో అదొకటి.

చార్మినార్ దగ్గరే ఉన్న మక్కా మసీదు పనిని సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టాడు. ముగిసింది 1694లో, ఔరంగజేబు హయాంలో. అంటే ఒక రాజవంశం మొదలుపెట్టిన మసీదును ఆ వంశాన్ని కూల్చినవాడు పూర్తిచేశాడు. పని జరుగుతుండగా చూసిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే దాని గురించి రాశాడు. నడిమి కమానులో మక్కా మట్టితో చేసిన ఇటుకలు ఉన్నాయన్నది పేరు వెనుక కథ. ఆవరణలో రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా ఉన్న పాలకుల సమాధులు వరుసగా ఉన్నాయి. మొదటి నిజాం సమాధి ఔరంగాబాదు దగ్గరి ఖుల్దాబాద్‌లో, ఏడో నిజాంది కింగ్‌కోఠీలోని జూదీ మసీదులో.

చార్మినార్‌కు పడమరగా లాడ్ బజార్ మొదలవుతుంది. అది దాటి ఎడమకు తిరిగితే చౌమహల్లా ప్యాలెస్. 18వ శతాబ్ది మధ్యలో అసఫ్‌జాహీ పాలకుడు సలాబత్ జంగ్ మొదలుపెట్టించగా, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో నిర్మాణం పూర్తయింది. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్, అఫ్తాబ్ మహల్ అనే నాలుగు మహళ్ల వల్లనే ఆ పేరు. నిజాములు దర్బారు తీర్చిన ఖిల్వత్ ముబారక్‌లో 19 గాజు దీపగుచ్ఛాలు, పాలరాతి గద్దె ఉన్నాయి. పాడుబడిన ఈ ప్యాలెస్‌ను నిజాం కుటుంబపు యువరాణి ఎస్రా చొరవతో బాగుచేశారు. 2010లో దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

గైడు చెప్పాల్సింది

నడకకు ప్రాణం గైడు మాట. పాతబస్తీలో ఆ మాట మూడు చోట్ల నుంచి వస్తుంది: రాతలో ఉన్నది, కంటికి కనిపించేది, జనం చెప్పుకునేది. మూడూ కావలసినవే. ఏది ఏదో విడమరిచి చెప్పడం గైడు బాధ్యత. ఈ ఒక్కదానితోనే నడకను తూచవచ్చునని నేను అనుకుంటాను.

భాగమతి కథనే తీసుకోండి. కులీ కుతుబ్‌షా ప్రేమించిన నర్తకి పేరు మీద ఊరికి భాగ్యనగరమన్న పేరు వచ్చిందని ప్రతి గైడూ చెబుతాడు. ఆ కాలపు పారశీక చరిత్రకారుడు ఫెరిష్తా ఈ కథను రాశాడు. కుతుబ్‌షాహీల చరిత్రపై ప్రామాణికమైన పని చేసిన హరూన్ ఖాన్ షేర్వానీ దాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరి మాటా చెప్పి, తేల్చుకోవడం శ్రోతకు వదిలితే కథ అందం తగ్గదు. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందన్నది మరో కథ. ఎవరూ చూడలేదు. పిల్లలు చెవులు రిక్కించి వింటారు కాబట్టి చెప్పవచ్చు, కానీ కథగానే చెప్పాలి. మహమ్మారి తగ్గినందుకు మొక్కుగా చార్మినార్ కట్టారన్నది కూడా ఆ కోవలోకే వస్తుంది.

మన గైడ్లు దాదాపు మరిచిపోయిన మాట ఒకటి ఉంది. ఈ నగరాన్ని కట్టిన వంశం తెలుగును ఆదరించింది. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో ‘యయాతి చరిత్ర’ రాసిన పొన్నికంటి తెలగనార్యుడు దాన్ని ఆ ఆస్థానపు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితం చేశాడు. కులీ కుతుబ్‌షా దక్కనీ ఉర్దూలో పెద్ద కవి. చార్మినార్ ముందు నిలబడ్డ తెలుగు పిల్లలకు ఈ సంగతి చెప్పకపోవడం వాళ్లకు అన్యాయం. ఇది తమ ఊరు కాదన్న భావన ఆ పిల్లల్లో ఉంటే, అది పోగొట్టే మాట ఇదే.

చేతిపనుల గల్లీలు

రాజుల పేర్లతో నడక ముగిస్తే అసలు బస్తీని చూడనట్టే. లాడ్ బజార్ దుకాణాల్లో మెరిసే లక్క గాజుల వెనుక, గల్లీ లోపలి చిన్న ఇళ్లలో బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచే మనుషులు ఉన్నారు. లక్క వేడిగా ఉండగానే రాళ్లు, అద్దపు ముక్కలు, పూసలు ఒక్కొక్కటిగా అద్దాలి. ఈ పనిలో ఆడవాళ్ల శ్రమ పెద్దది, బజారులో కనిపించేది తక్కువ. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది.

వెండి వరక్ కొట్టే పని కూడా ఈ చుట్టుపక్కలదే. పొరల పుస్తకంలో వెండి ముక్కలు పెట్టి గంటల తరబడి సుత్తితో కొడితే, మిఠాయి మీద వేసే పలుచని రేకు తయారవుతుంది. యంత్రాలు వచ్చాక ఈ పని బాగా తగ్గింది. ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికల ముద్రణ, ఉర్దూ అక్షరాలను చేత్తో రాసే కాతిబుల విద్య కొంత మిగిలి ఉంది. పత్థర్‌గట్టీలో ముత్యాలు, అత్తరు, వాటి పక్కనే బట్టల దుకాణాలు. నడక ఏ ఇరానీ హోటల్లోనో చాయ్, ఉస్మానియా బిస్కట్‌తో ఆగుతుంది. అదీ ఈ ఊరి చరిత్రలో భాగమే. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు పండితులు, మంత్రులు మాత్రమే కారు.

పోయినవి, పోతున్నవి

నడక దారిలో లేనివాటి గురించి కూడా గైడు చెప్పాలి. నిజాముల ప్రధానులైన సాలార్‌జంగుల దీవాన్ దేవిడీ ఒకప్పుడు పాతబస్తీలో అతి పెద్ద నివాసాల్లో ఒకటి. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ప్రారంభించింది ఆ దేవిడీలోనే. 1968లో మ్యూజియం కొత్త భవనానికి మారింది. దేవిడీలో ఇప్పుడు మిగిలింది ద్వారం, కొద్దిపాటి గోడలు. లోపల దుకాణాల సముదాయాలు లేచాయి. ప్రముఖుల దేవిడీలు ఇలా పోయినవి చాలా ఉన్నాయి.

చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అయినా 2019 మేలో ఒక మినారు నుంచి గారపని పెచ్చు ఊడి పడింది. బండ్ల పొగ, అదురు, వానలు ఏళ్ల తరబడి చేసిన చేటు అది. ఇప్పుడు చుట్టూ రాళ్లు పరిచి బండ్లను దూరం పెట్టడం మంచి పని. 2010 నుంచి గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. పత్థర్‌గట్టీలో మాత్రం రాతి కమానులను దుకాణాల బోర్డులు, కరెంటు తీగలు ఇంకా కప్పేస్తూనే ఉన్నాయి. అక్కడి వ్యాపారులను కూర్చోబెట్టి మాట్లాడకుండా, వాళ్ల బతుకుతెరువుకు దెబ్బ తగలకుండా చూడకుండా, ఏ సంరక్షణ పథకమూ నిలవదు.

వెళ్లేవాళ్లకు

పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు, కట్టడాలు బాగా కనిపిస్తాయి. సాయంత్రం వెళ్తే బజారు కనిపిస్తుంది. రంజాన్ రాత్రుల్లో బస్తీ అంతా మేలుకునే ఉంటుంది, కానీ ఆ రద్దీలో గైడు మాట వినపడదు. శుక్రవారం మక్కా మసీదులో పెద్ద నమాజు ఉంటుంది. చౌమహల్లాకు శుక్రవారం సెలవు. మసీదుల్లో, ఆషూర్ఖానాలో చెప్పులు విడవాలి, ఒళ్లు నిండా బట్టలు ఉండాలి. గుంపు పదిహేను ఇరవై మందికి మించితే గల్లీల్లో నడవడమూ కష్టమే, ఇళ్లవాళ్లకూ ఇబ్బందే. గాజులు చేసేవాళ్ల, వరక్ కొట్టేవాళ్ల ఫొటో తీసే ముందు అడగండి, వీలైతే వాళ్ల దగ్గరే ఏదైనా కొనండి.

చార్మినార్, చౌమహల్లా ఎలాగూ చూస్తారు. సమయం తక్కువై ఏదో ఒకటి వదిలేయాల్సి వస్తే, బాద్షాహీ ఆషూర్ఖానాను మాత్రం వదలకండి.